తరగని చిల్లర కుప్ప

గది మధ్య నేల మీద చిల్లర నాణేల కుప్ప. ఎదురుగా గోడకి, చెల్లెలు రంగులతో రాసిన అట్ట: "మొహమాటపడకుండా తీసుకోండి."

తలుపు పక్క కుర్చీలో కూలబడింది అక్క. తెల్లారకముందే లేచి కుట్టుమిషను తొక్కి వచ్చిందేమో, కాళ్లు తన మాట వినడం మానేశాయి. చెల్లెలు పగలంతా బోర్డులు రాసే కొట్లో ఉంటుంది కాబట్టి, ఈ హాల్లో పెట్టిన తన ప్రదర్శనకి కాపలా అక్కే.

ఆ కుప్పంతా చెల్లెలి జీతమే. నెలనెలా దాచి, బ్యాంకులో నాణేలుగా మార్పించి తెచ్చి, ఎవరినీ రానీయకుండా తలుపేసుకుని ఇక్కడ పోసింది.

"బొమ్మలేస్తానని డబ్బులు పారబోస్తావేమిటే?" అని అక్క అడిగితే, "ఉండు, చూద్దువుగాని" అని ఊరుకుంది.

చూస్తూనే ఉంది అక్క. మొదట జనం సిగ్గుపడ్డారు. తర్వాత ఒకాయన రెండు జేబులూ నింపుకుని, పోతూ పోతూ థాంక్స్ కూడా చెప్పాడు. అక్క ప్రాణం చివుక్కుమంది. మొహమాటపడకండి అంటే మాత్రం, గిన్నె ఊడ్చేస్తారా ఎవరైనా? రేపు వచ్చేవాళ్లకి ఉత్త నేల కనిపిస్తే పిల్ల పరువేం కాను?

అందుకని రోజూ హాలు మూసే ముందు, కుంగిన చోటల్లా తన చిల్లర పోసేది. అంచులు మడిచినందుకు, గుండీలు కుట్టినందుకు వచ్చిన చిల్లర అది. మిషనుకి మోటారు పెట్టించుకుని కాళ్లకి సెలవిద్దామని ఎన్నాళ్లుగానో కూడబెట్టింది.

ఆఖరి రోజు చెల్లెలు కొట్టు నుంచి తిన్నగా వచ్చింది. చేతుల రంగైనా కడుక్కోలేదు. కుప్పను చూసి గోడకి చేరగిలబడింది.

"ఎవరూ ముట్టుకోలేదా అక్కా?"

"ముట్టుకోకేం, దోచుకుపోయారు. నేనుండగా తరగనిస్తానా? ఎప్పటికప్పుడు నింపుతూనే ఉన్నా."

చెల్లెలు రంగు చేతులతోనే తల పట్టుకుంది.

"ఎంత పని చేశావే అక్కా. కింద బొమ్మ ఉంది. ఇది తరిగితేనే కనబడేది."

"ముందే ఏడవచ్చుగా ఆ ముక్క."

"నీకు ముందు చెప్పకుండా చూపిద్దామనుకున్నా."

"అయితే పక్కకి లాగెయ్."

"నేను లాగితే ఊడ్చినట్టే. జనం తీసుకోవాలి. ఇంకెక్కడి జనం, మూసేస్తున్నారుగా." ఆ గొంతులో కోపం లేదు, ఓపికా లేదు.

హాలు యజమాని గుమ్మంలో తాళాలు ఆడిస్తున్నాడు. లోపల మిగిలింది ఒక పెద్దావిడ, హెల్మెట్ పట్టుకున్న ఒక కుర్రాడు. ఇద్దరూ చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డారు.

అక్క మోకాళ్లు పట్టుకుని లేచింది. కుప్ప పక్కన చతికిలబడి, దోసిళ్లతో ఎత్తి తన గుడ్డల సంచిలో పోసుకోసాగింది. ఇన్నాళ్లూ ఇలాంటివాళ్లనే మనసులో తిట్టుకుంది. ఇప్పుడు నలుగురి కళ్లూ తన చేతుల మీదే. చెవులు వేడెక్కాయి. అయినా ఆపలేదు.

"కాపలా మీరే కదండీ?" అన్నాడు కుర్రాడు.

"నేనే బాబూ. చూస్తావేం, హెల్మెట్ పట్టు. నా సంచి చాలదు."

పెద్దావిడ నవ్వేసింది. ఆమె చేతిసంచి తెరిచింది, కుర్రాడు హెల్మెట్ తిరగేశాడు. యజమాని కూడా తాళాలు బల్ల మీద పెట్టి వచ్చాడు.

నేల మీద ముందు ఒక బొటనవేలు బయటపడింది. తర్వాత పగిలిన మడమ, కుట్టుమిషను తొక్కుడుపలక, దాని మీద రెండు కాళ్లు, ఉబ్బిన నరాలు. ఎడమ బొటనవేలి గోరు నల్లగా ఉంది. ఇస్త్రీపెట్టె పడి నల్లబడిన గోరు అది.

"ఎవరివో పాపం, ఎంత అలిసిపోయాయో ఈ కాళ్లు," అంది పెద్దావిడ.

అక్క తన కాళ్లు మెల్లగా కిందికి ముడుచుకుంది.

"ఆ గోరు కూడా వెయ్యాలిటే?" అంది చెల్లెలికి మాత్రమే వినపడేలా.

చెల్లెలు వచ్చి పక్కన కూర్చుని, అక్క భుజం మీద తల వాల్చింది. "సంచిలో మోటారుకి సరిపడా ఉంటాయా?"

"ఏమో. తర్వాత చూద్దాం. కాసేపు ఇలా ఉండనీ."

యజమాని మళ్లీ తాళాలు తీసుకున్నాడు. వాళ్లిద్దరూ లేవలేదు.