వాలు అక్షరాల కార్డు

వామన్‌రావుకు ఆ అక్షరాల మీద రోత పుట్టి చాలా రోజులైంది. కలంతో ఒయ్యారంగా రాసినట్టుండే ఆ ఇంగ్లీషు వాలు అక్షరాల సీసపు అచ్చులను పెళ్లి కార్డుల కోసమని ముచ్చటపడి బొంబాయి నుంచి తెప్పించుకున్నాడు. నాంపల్లిలో అతని ప్రెస్సుకు పేరు తెచ్చినవీ అవే, ఇప్పుడు పరువు తీస్తున్నవీ అవే. హిమాయత్‌నగర్ మిఠాయివాడికి అవే కావాలి, చాదర్‌ఘాట్ మూలశంక వైద్యుడికీ అవే కావాలి. నల్లుల మందు కరపత్రం మీద ఆ వంపులు చూసిన రోజు అతనికి అన్నం సయించలేదు.

అయినా ఒక్క కట్టుబాటు మిగుల్చుకున్నాడు. దసరాకు పసుపు కుంకుమలు పెట్టే ఆ అక్షరాల పెట్టెను చావు కార్డుకు తెరవడు. దినాల కార్డులకు నిలువు అక్షరాలే. అది కూడా పోయాక ప్రెస్సు నడిపినా ఒకటే, మూసుకున్నా ఒకటే.

ఆ రోజు ఆబిడ్స్ బట్టల షాపు మల్లేశ్వరరావు వచ్చాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. వామన్‌రావు ప్రెస్సు సగం నడిచేది అతని షాపు పనితోనే.

"అమ్మ పెద్దకర్మకు కార్డు కావాలండీ. వాలు అక్షరాల్లో."

వామన్‌రావు లేచి నిలబడ్డాడు. "అయ్యో, అమ్మ పోయిన్రా. కానీ సార్, దినాల కార్డు గా అక్షరాలల్ల కొట్టం."

"అమ్మే వేలు పెట్టి చూపించి మరీ ఎంచుకుందండీ."

పోయిన మనిషి కోరిక కాదంటే పాపం చుట్టుకుంటుంది. వామన్‌రావు మనసు చంపుకుని పెట్టె తెరిచి, మల్లేశ్వరరావు తల్లి కోటేశ్వరమ్మ పేరు కూర్చాడు. పాడు అక్షరాలు, చావు కార్డుకూ అందంగానే అమిరాయి.

"తారీఖు చెప్పుండ్రి."

"ఖాళీగా వదిలేయండి. ఇంకా ఆసుపత్రిలోనే ఉందిగా."

వామన్‌రావు చేయి ఆగిపోయింది. "ఏంది?"

"డాక్టర్లు ఎక్కువ రోజులు లేదన్నారు. వచ్చేది మాఘమాసం, అన్నీ ముహూర్తాలే. అప్పుడు మీ అక్షరాలు దొరుకుతాయా? అందుకే ముందుగా వచ్చాను."

"మరి ఆమె ఎట్ల ఎంచుకున్నది?"

"మా బుజ్జమ్మ పెళ్లికని చెప్పి నమూనాలు చూపించానండీ. మనవరాలి పెళ్లి అనేసరికి మొహం చేటంత చేసుకుంది."

ఛీ, మనిషన్నవాడు చేసే పనేనా ఇది. ఇతనికంటే మూలశంక వైద్యుడు నయం.

"గట్లయితే తారీఖు గూడ ఆమెనే అడుగుండ్రి" అన్నాడు వామన్‌రావు పళ్లు బిగబట్టి.

మల్లేశ్వరరావు తలూపాడు. "అడగొచ్చు లెండి. ముహూర్తం అనుకుని ఏదో ఒకటి చెబుతుంది."

వామన్‌రావు కూర్చిన పేరును ఒక్కో అక్షరమే తీసి పెట్టెలో పడేశాడు. "గీ కార్డు నేను కొట్ట. మీ షాపు పని గూడ ఇంకోళ్లకు ఇచ్చుకోండ్రి."

మల్లేశ్వరరావుకు కోపమైనా రాలేదు. చెప్పులు తొడుక్కుంటూ గుమ్మం దగ్గర ఆగాడు.

"పోనీ, ఇవే అక్షరాలున్న ప్రెస్సు ఇంకెక్కడుందో చెప్పండి. అమ్మ ముచ్చటపడింది పాపం."