వైరు పీకి చూసిన మిషన్

పెయింటుతో వేసిన ఏడు ఒకటైపోవడంతో మొదలైంది ఈ గొడవంతా.

కిందటి దసరాకు బీర్కూర్ కబడ్డీ జట్టు బనియన్లకు నెంబర్లు వేసింది బాన్సువాడ టైలరు భోజన్న భార్య బాలవ్వ. కుట్టుపని మొగుడిది, నెంబర్లు ఆమెవి. కుంచె పట్టి ముచ్చటగానే వేసింది. కానీ ఆటలో పట్టుకుని గుంజేసరికి పెయింటు పెచ్చులుగా రాలింది. అవుటైన ఒకడి వీపు మీద ఏడుకున్న పైగీత ఊడిపోయి ఒకటి మిగిలింది. రెఫరీ అది చూసి, ఒకటో నెంబరు అవుటని, అసలు ఒకటి వేసుకున్న కెప్టెన్ మంగ్యాను బయటికి పంపాడు. ఎవరూ తాకని కెప్టెన్ బయట కూర్చుంటే జట్టు ఓడింది.

ఈ ఏడు దసరా ముందు మంగ్యా మళ్లీ వచ్చాడు. లోపలికి రాకుండా దుకాణం మెట్ల మీదే నిలబడ్డాడు.

"అక్కా, ఇంకొక్కసారి చూస్తం. గీసారి గూడ రాలిందనుకో, మా బనియన్లే గాదు, మా తండాల పెండ్లి బట్టలు గూడ నిజామాబాద్ పోతయి."

నలుగురూ వింటుండగానే అన్నాడు. బాలవ్వకు చెంప మీద కొట్టినట్టయింది. బీడీలు చుట్టడం మానేసి, పట్టుబట్టి పెట్టించిన దుకాణం అది. తండాల బట్టలు పోయాయంటే బీడీల చాట మళ్లీ ఒళ్లోకి వస్తుంది.

కాగితం మీది బొమ్మను వేడితో బట్టకెక్కించే మిషన్లు హైదరాబాద్‌లో దిగాయని మరిది కొమురయ్య కబురు తెచ్చాడు. రంగు పైపైన అంటుకోదట, ఆవిరై దారంలోకే దిగుతుందట. బట్ట పాలిస్టర్‌దైతే ఇక రాలడమనేదే లేదట. వదినా మరుదులు బస్సెక్కారు. కొనగలిగేది ఒక్క మిషనే. అది తప్పితే మరోటి కొనే తాహతు లేదు.

హైదరాబాద్‌లో ఆ మిషన్లమ్మే సేటు దుకాణంలో రెండు రకాలున్నాయి. ఒకటి నీలం రంగుది, తేలిక. పెట్టె మూతలా తెరుచుకుంటుంది. ఎర్రబల్బూ, గంటా దానికి అదనం. రెండోది మందపాటి ఇనుప పలకతో, పైన తిప్పే చక్రంతో నల్లగా, మొరటుగా ఉంది. కొమురయ్య నీలం దాని ముందు నుంచి కదల్లేదు.

సేటు దాని మీదే ఒక గులాబీ వేసి చూపించాడు. నిగనిగలాడుతూ వచ్చింది.

"చూసినవా వదినా! ఇగ కట్టిచ్చుకొని పోదాం."

"నడుమ ఏస్తే దేనికైనా వస్తది. సేటూ, నాలుగు మూలలకు నాలుగు పెట్టు."

పెట్టాడు. రెండు మూలల్లో పూలు ఎర్రగా, మిగతా రెండింట్లో కోసి వారమైనట్టు వాడిపోయి వచ్చాయి.

"కొత్తది కదమ్మా, వాడంగ వాడంగ సర్దుకుంటది," అన్నాడు సేటు.

నల్లదాని మీద నాలుగు మూలలూ ఒక్కతీరుగా వచ్చాయి. అయినా బాలవ్వ లేవలేదు.

"ఇప్పుడు రెండింటి వైర్లు పీకు. పీకి మల్ల ఎయ్యి."

సేటు తెల్లబోయాడు. "కరెంటు లేకుండ ఎట్లేస్తరమ్మా?"

"నీ దుకాణంల కరెంటు ఉంటది. మాది బాన్సువాడ. చెరుకుతోటలల్ల మోటర్లు పెట్టిన్రంటే మా బల్బు బీడీ కొస లెక్క కనవడతది."

కొమురయ్యకు తల తీసేసినట్టయింది. "వదినా, నువ్వు మిషన్ కొంటున్నవా, బర్రెను కొంటున్నవా? నోరు తెరిచి పండ్లు గూడ చూస్తవా ఏంది?"

"పాలియ్యకపోతే ఆ బర్రెను నువ్వు మేపుతవా?"

సేటు నవ్వుకుంటూ వైర్లు పీకాడు. నీలం మిషన్ రెండో బట్టకే చల్లబడి, పువ్వును నీడలా వేసింది. నల్లది ఒకదాని వెంట ఒకటి వేస్తూనే పోయింది. పోనుపోను కాస్త ఎక్కువసేపు అదిమి పట్టాల్సి వచ్చింది, అంతే. బాలవ్వ లేచి కొంగు దులుపుకుంది.

"గిది మనది."

దాన్ని బస్సు మీదికి ఎక్కిస్తుంటే కండక్టరు అడిగాడు, "ఇండ్ల బండలున్నయా?"

"మా వదిన మొండితనం ఉన్నది," అన్నాడు కొమురయ్య, రొప్పుతూ.

పండుగ దగ్గర పడ్డాక మంగ్యా జట్టునంతా వెంటేసుకుని వచ్చి దుకాణం నిండా కూర్చున్నాడు. బాలవ్వ పలక కింద గొంగడి మడత పరిచి, బనియన్ సర్ది, జట్టు గుర్తు పుంజునూ నెంబరునూ హైదరాబాద్‌లో అచ్చేయించి తెచ్చిన కాగితం తీసింది. దాని మీది బొమ్మ మబ్బు పట్టినట్టు మసకగా ఉంది.

"అక్కా, పుంజు అంటివి. గిది వానల తడిసిన పెట్ట లెక్కున్నది."

"జర ఆగు, పొదగనియ్యి."

వోల్టేజీ నీరసంగా ఉంది. పలక కాగేసరికి అందరికీ ఆవలింతలొచ్చాయి. తీరా కాగితం పెట్టి చక్రం బిగించగానే ఉన్న కాస్త కరెంటూ పోయింది. ఎవడో కిసుక్కుమన్నాడు. మంగ్యా లేవబోయాడు.

"కూసో," అంది బాలవ్వ తల ఎత్తకుండానే.

ఇంకాసేపు పట్టి ఉంచి, చక్రం విప్పి, కాగితాన్ని ఒక్క గుంజుతో ఎత్తింది.

పుంజు జుట్టు ఎర్రగా భగ్గుమంది. తోకలో పచ్చ, నీలం, పసుపు విడివిడిగా మెరిశాయి. దాని కింద నెంబరు అచ్చు గుద్దినట్టుంది. కూర్చున్న జట్టంతా లేచి నిలబడింది. భోజన్న కుట్టు ఆపి మరీ చూశాడు.

మంగ్యా మాత్రం నమ్మలేదు. చల్లారాక ఆ బనియన్‌ను పెరట్లోకి తీసుకుపోయి, సబ్బు పెట్టి, బండ మీద బాది, పిండి, ఎండకు పట్టి చూశాడు. పుంజుకు ఈకైనా ఊడలేదు. అతను తిరిగొచ్చేసరికి బాలవ్వ ఆ చీకటి గదిలోనే మిగతా బనియన్లు ఒక్కొక్కటే వేసి కొమురయ్య భుజాల మీద ఆరేస్తోంది.

"అక్కా," అన్నాడు మంగ్యా, "మా తండకు ఎప్పుడొస్తవు కొలతలకు? పెండ్లిండ్లున్నయి."

ఫైనల్ ఆట జుక్కల్ జట్టుతో పడింది. చివరి కూతకు మంగ్యా వెళ్లాడు. ఇద్దరిని తాకి మళ్లుతుంటే వెనక నుంచి ఒకడు బనియన్ పట్టి గుంజాడు. బట్ట పర్రుమంది. మంగ్యా వెనక్కి చూశాడు.

ఎడ్లబండి ఎక్కి చూస్తున్న బాలవ్వ గొంతు చించుకుంది. "చినిగితే నేను కుడత, ఉరుకురా!"

మంగ్యా ముందుకు దూకి గీత మీద పడ్డాడు. రెఫరీ చేయి బీర్కూర్ వైపు లేచింది. డప్పులు మోగాయి. జుక్కల్ వాడి పిడికిట్లో గుడ్డముక్క మిగిలింది. దాని మీది నెంబరును వాడు గోటితో గీకి చూస్తున్నాడు.

"గీకు గీకు!" అరిచింది బాలవ్వ బండి మీది నుంచి. "నీ గోరే అరుగుతది!"