ఎక్కు, నువ్వే ఎక్కు

తమ్ముడి నెత్తురు కడగమని అక్కకే పురమాయించాడు కంట్రాక్టరు. మనిషి పుట్టుక పుట్టినవాడు చేసే పనేనా ఇది? అక్క బకెట్టెడు నీళ్ళూ వాడి కాళ్ళమీదే కుమ్మరించింది.

ఒకప్పుడు తెల్లదొర కాపురమున్న బంగళా అది. ఇప్పుడు పాత సొగసు చెడకుండా బాగుచేసి, డబ్బున్నవాళ్ళు దిగే హోటలు చేస్తున్నారు. హాలు గోడలకు ఆనాటి సున్నపు గచ్చే కావాలని యజమాని పట్టుబట్టాడు. ఆ గచ్చును తడి ఆరకముందే రాయితో రుద్ది నునుపు తేవాలి. మొదలుపెట్టాక గోడ పూర్తయ్యేదాకా చెయ్యి ఆపకూడదు. ఆగితే బీటలు తీస్తుంది, అంతా చెక్కేసి మళ్ళీ మొదటికి రావాలి.

నిన్న అలా రుద్దుతూనే పరంజా మీదనుంచి పడి చచ్చిపోయాడు తమ్ముడు. పరంజా కర్రలను బిగించిన కట్టుతాడు పుటుక్కున తెగింది. తాడు కుళ్ళిందని పొద్దున్నే మొత్తుకున్నాడు పిల్లాడు. "ఏనుగును కట్టినా తెగదు, ఎక్కరా!" అని తోలాడు కంట్రాక్టరు. తీరా ప్రాణం పోయాక, తాగి పడ్డాడని పోలీసులకు చెప్పాడు. జన్మలో చుక్క ముట్టని వాణ్ణి తాగుబోతును చేశాడు, పాపిష్టివాడు! తెగిన తాడునే ముడేయించి మళ్ళీ కట్టించాడు కూడా.

సున్నం గానుగ దగ్గర కూలీలంతా గుమిగూడారు.

"మనకెందుకమ్మా గొడవ?" అన్నాడు ముసలి మేస్త్రి. "నోటి దగ్గర కూడు పోతుంది."

"రేపు పడేది నీ కొడుకైతే?" అంది అందరూ వదినా అని పిలిచే, సున్నం నూరే మనిషి. "అప్పుడూ కూడు గురించే మాట్లాడతావా?"

మేస్త్రి తల దించుకున్నాడు. "ఏం చేద్దామంటావే?" అని అక్కనడిగాడు.

"గచ్చు వేద్దాం. ఇవాళ యజమాని పని చూడ్డానికి వస్తాడుగా, వచ్చేసరికి గోడ తడిగా ఉండాలి."

నిచ్చెనలు వేసుకుని గోడ నిండా గచ్చు పట్టించారు. కానీ రుద్దాలంటే రెండు చేతులూ కావాలి, పరంజా ఎక్కక తప్పదు. యజమాని హాల్లో అడుగుపెట్టగానే అందరూ రాళ్ళు కింద పెట్టేశారు.

"ఏంటే ఇది? గోడ ఆరిపోతోంది!" అని గంతులేశాడు కంట్రాక్టరు.

"ఆరనీ," అంది అక్క. "పరంజా ఎక్కు. నువ్వు ముందు ఎక్కితే నీ వెనకే మేమూ ఎక్కుతాం."

"నన్నే ఎక్కమంటావా? నోరు లేస్తోందే!"

"ఏనుగును కట్టినా తెగదన్నావుగా! ఎక్కు!"

"ఎక్కు! ఎక్కు!" హాలంతా అందుకుంది.

"తాడు గట్టిదేనన్నావుగా, ఎక్కవయ్యా. గోడ పాడైపోతోంది," అని యజమాని కూడా విసుక్కున్నాడు. వాడికి గోడ దిగులే గానీ మనిషి దిగులు ఉంటేగా!

కంట్రాక్టరు అడ్డకర్ర మీద ఒక కాలు పెట్టాడు. తాడు పట్టి లాగి చూశాడు. కాలు కిందికి దించేశాడు.

"చూశారా!" అక్క గొంతు చించుకుని అరిచింది. "వీడి ప్రాణం తీపి, నా తమ్ముడి ప్రాణం చేదు! తాడు సంగతి తెలిసే ఎక్కించాడు! తెలిసే చంపాడు!"

వెనక గోడ పటపటా బీటలు తీసింది. అక్క కడుపు చల్లబడలేదు. గోడ పగిలితే ఎవడికి కావాలి? పగలాల్సింది వాడి బతుకు.

యజమాని పోలీసులను పిలిపించాడు. ఎవరిమీదకు అనుకున్నారు? దొర రంగు మారింది, బుద్ధి మారలేదు. పనికి అడ్డుపడిందని అక్కనే జీపెక్కించారు.

జీపుకు అడ్డంగా నేలమీద మొదట కూర్చున్నవాడు ముసలి మేస్త్రి. అతని పక్కన సున్నం నూరే వదిన. ఆ వెనక వడ్రంగులు, రంగులవాళ్ళు, తోటపనివాళ్ళు. గేటుదాకా మనుషులే. లాఠీ ఎత్తినా ఒక్కరు లేవలేదు. డ్రైవరు హారను కొట్టీ కొట్టీ ఊరుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు దిగొచ్చి జీపు వెనక తలుపు తెరిచాడు. "సరేలేమ్మా, దిగు. కేసూ లేదు, గీసూ లేదు. ఇంటికి పో."

అక్క పక్కకు జరిగి, కంట్రాక్టరు వైపు చూస్తూ సీటు మీద అరచేత్తో చరిచింది.

"నేను దిగను. ఇక్కడ చోటుంది. వాణ్ణి ఎక్కించండి."