చిన సుబ్బయ్యకు కీ

ఆరు వారాల పనిని హైమావతి నలభై నిమిషాల్లో తేల్చిందని కరుణాకరం సోమవారం పొద్దున్నే ఆఫీసంతా మైసూరుపాకు పంచాడు. మార్కాపురంలో పలకల దుకాణం పైఅంతస్తులో ఉన్న ఆ బుల్లి సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు ఆయనే యజమాని. ఊళ్లో ఒక కిడ్నీ ఆస్పత్రి పాత లిస్టుల్ని కొత్త డేటా మోడల్‌లోకి ఎక్కించే పని వాళ్లది. పట్టికలు గీయడం, రెండుసార్లు పడ్డ పేర్లను ఒకటి చేయడం, అన్నీ హైమావతి రాసిన చిన్న ప్రోగ్రాం, స్క్రిప్టే చేసింది. మనిషికో గుర్తు ఉండాలి. దాన్నే కీ అంటారు. పాత నంబర్లు గజిబిజిగా ఉన్నాయని పలక తుడిచినట్టు తుడిచేసి, ఇంటిపేరు, పేరు, తండ్రిపేరు, ఊరు కలిపి కీ చేసింది. వయసు గళ్లు సగం ఖాళీ, వాటినీ వదిలేసింది. పద్ధతి ప్రకారం ఒకసారి ఆస్పత్రివాళ్లకు చూపించాలి.

"మోడల్ చూపిస్తా కూచుంటే మోడైపోతాం తల్లీ! ఎక్కించెయ్," అన్నాడు కరుణాకరం.

ఎనిమిదిన్నరకల్లా ఎక్కించేసింది.

పదకొండున్నరకు ఆస్పత్రిలో రిజిస్టరు రాసే వెంకటసుబ్బులమ్మ ఫోన్ చేసింది.

"ఏంది పాపా, మా సుబ్బయ్యను చంపినావే?"

కొనకనమిట్ల సుబ్బయ్యకు ఇరవయ్యారేళ్లు. డయాలసిస్‌కు వస్తే తెర మీద 'మృతి' అని పడింది. కుర్చీ ఇంకొకరికి పోయింది. కాళ్లుబ్బి, పడుకుంటే ఊపిరాడక బల్ల మీద కూర్చుని ఎగరొప్పుతున్నాడు. మధ్యాహ్నం షిఫ్టులో ఒక్కటే కుర్చీ ఉంది. పన్నెండున్నరలోగా పేరెక్కకపోతే అదీ పోతుంది.

"పోయినోడు వాళ్ల తాత పాపా, ఆయనా మా పేషెంటే. తాత పేరు మనవడికి పెట్టుకోరా ఎవురైనా? తాత నాయన పాపయ్య, వీని నాయనా పాపయ్యే!"

పేరు పెట్టి పిలిస్తే పలికేవాడొకడు, పలకనివాడొకడు. ఇద్దరికీ ఒకటే కీ. అది కీ కాదు, కీడు.

హైమావతి సుబ్బయ్యను కొత్తగా ఎక్కించింది. ఎక్కిన ప్రతి పేరునూ చూసే స్క్రిప్టు క్షణంలో వాణ్ణి తాతలో కలిపేసింది. మళ్లీ పుట్టించింది. స్క్రిప్టు మళ్లీ చంపింది. మూడోసారీ అంతే. స్క్రిప్టు ఆపితే ఆ పూట మిగతా రోగుల పేర్లూ ఆగిపోతాయి. పన్నెండూ ఇరవై.

"పెద్దమ్మా, మీరెట్ల గుర్తుపడతారు ఇద్దర్నీ?"

"పెద సుబ్బయ్య, చిన సుబ్బయ్య. రిజిస్టర్లో నంబర్లు కూడా వేసినా గదా! చిన సుబ్బయ్య, నూట నలభై ఏడు."

తను తుడిచేసిన నంబరే! కీలో ఆ గడి చేర్చి, నూట నలభై ఏడుతో సుబ్బయ్యను మళ్లీ ఎక్కించింది. ఈసారి కలవలేదు. పన్నెండూ ఇరవయ్యెనిమిది. చిన సుబ్బయ్య, కుర్చీ నాలుగు.

"ఎక్కించినాం పాపా," అంది వెంకటసుబ్బులమ్మ.

హైమావతి సంతోషించలేదు. చచ్చినవాళ్లలో కలిసిన బతికినవాళ్లు ఇంకెందరని వెతికింది. పంతొమ్మిదిమంది.

"అన్నిటినీ ఒక్క దెబ్బకు విడగొట్టెయ్, ఇంకో స్క్రిప్టు రాయి," అన్నాడు కరుణాకరం.

"ఒక్క దెబ్బకే గదా సార్, ఇందరు పోయింది," అని ఆమె ఒక్కొక్క పేరే ఫోన్లో వెంకటసుబ్బులమ్మను అడగసాగింది. "పెద్దమ్మా, కంభంలో గురవయ్యలు ఇద్దరా?"

"ఇద్దరే. చిన గురవయ్య పొద్దున వచ్చినాడు. పేరు లేదంటే తిరిగిపోయినాడు."

"ఎప్పుడు?"

"తొమ్మిదికి. ఫోను కూడా లేదు పాపా వానికి."

తెర మీద కర్సర్ కొట్టుకుంటూనే ఉంది. కంభం పోయి వాణ్ణి తీసుకురావడానికి హైమావతి స్కూటీ కీ తీసుకుని మెట్లు దిగింది.