గీత మీది చుక్క

చుక్కలు చూసి తీర్పు చెప్పడం ఎంత తేలికో నాకు తెలుసు. రాయచెర్లు హైస్కూల్లో పదో తరగతికి ఏటా ఆ పాఠం చెప్పి పొట్ట పోసుకుంటున్నవాణ్ణి. బోర్డు మీద అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసి నడుమ చుక్కలు పెడతాను. కూల్‌డ్రింకులు ఎక్కువ అమ్ముడైన రోజుల్లోనే సొమ్మసిల్లి ఆస్పత్రికి పోయేవాళ్లూ ఎక్కువ. రెండూ కలిపి చుక్కలు పెడితే వరసగా పైకెక్కుతాయి. "అయితే కూల్‌డ్రింకు తాగినందుకే పడిపోయినారా?" అని అడుగుతాను. పిల్లలు నవ్వి, "ఎండ సార్, ఎండ!" అని అరుస్తారు. ఆ పిల్లలకు తట్టేది పెద్దవాళ్లకు ఎందుకు తట్టదో అని ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

రంగక్క ఇల్లు ఊరి చివర, సోలార్ పార్కు కంచెకు ఆనుకునే ఉంటుంది. ఆమెకు సెంటు భూమి లేదు. పార్కుకు భూమి ఇచ్చినవాళ్లకు కంపెనీ నుంచి ఏటా గుత్త డబ్బు వస్తుంది, వాళ్లు బైకులు కొన్నారు, మిద్దెలు వేశారు. ఆమె బతుకు మాత్రం గొర్రెల మీదే. సోలార్ పలకల మధ్య నుంచి పాత బండ్లబాట ఒకటి గుట్ట దాకా పోతుంది. గుట్ట కింద బీడు, పక్కనే కుంట. ఆ బాట లేకపోతే గొర్రెలకు మేతా లేదు, నీళ్లూ లేవు.

ఆ బాటకు గేటు పెట్టి తాళం వేస్తామంది కంపెనీ. ఊరు గోల చేసింది. అయితే అది ఎవరికి అవసరమో చూద్దామని సర్వేకు ధనుశ్రీని పంపారు. పావగడలో డిగ్రీ చదివే పిల్ల, సెలవుల్లో ఈ పనికి కుదిరింది. చేతిలో ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ తిరిగి, గొర్రెలు ఎన్ని ఉన్నాయని అడిగింది.

మా వైపు గొర్రెల వాళ్లను అడగకూడని మాట అదే. మందను తలలు లెక్కపెట్టరు. దొడ్లోకి తోలేటప్పుడు ముఖాలు చూసి, రానిది ఏదో పట్టేస్తారు. ఎవరైనా ఎన్ని అని అడిగితే బాగా తగ్గించి చెబుతారు, లేకపోతే దిష్టి. ఇక కంచె పక్కనున్నవాళ్లకు ఇంకో భయం. ఎక్కువ చెబితే, పలకల కింద మేపేది మీరేనా అని సెక్యూరిటీ వాళ్లు మీదపడతారు. అందుకే వాళ్లు మరీ తగ్గించారు.

వీటన్నిటికీ తోడు దాసన్న సంగతి ఒకటి. పోయినేడు అతని మందకు బీమా చేయడానికి వచ్చినవాళ్లు, ఒక్కొక్కదాని చెవికి బిళ్ల వేసి, బిగ్గరగా లెక్కపెట్టి పోయారు. నెల తిరక్కుండానే నీలినాలుక రోగం వచ్చి మందలో సగం పోయింది. "లెక్కపెట్టినారు, సచ్చినాయి" అని ఊరంతా అనుకుంది. పక్క ఊళ్లో అప్పటికే రోగం ఉందనీ, ఆ భయంతోనే దాసన్న బీమాకు పోయాడనీ నేను చెబితే ఎవరూ చెవిన పెట్టలేదు.

పంచాయతీ హాల్లో మీటింగు పెట్టారు. గోడ మీద తెర, తెర మీద చుక్కలు. అడ్డంగా కంచె నుంచి ఇంటి దూరం, నిలువుగా గొర్రెలు. కంచె దగ్గర చుక్కలన్నీ కిందే పడి ఉన్నాయి, దూరం పోయేకొద్దీ పైకి లేచాయి. వాటి నడుమ ఎర్రగా ఒక గీత.

కంపెనీ ఆఫీసరు కన్నడంలో మర్యాదగానే చెప్పాడు. పార్కు దగ్గరున్నవాళ్లు బాగుపడి గొర్రెలు వదిలేశారట, దూరమున్నవాళ్లకు ఈ బాటతో పని లేదట, కాబట్టి గేటు పెడితే ఎవరికీ నష్టం లేదట.

నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచాను. "దగ్గర తక్కువున్నాయి, దూరం ఎక్కువున్నాయి, ఆ గీత చెప్పేది అంతవరకే. ఎందుకన్నది దానికి తెలియదు. బాగుపడి వదిలేసినారో, కంచె వేసి మేత లేకుండా చేస్తే అమ్ముకున్నారో, అసలు మీకు భయపడి తక్కువ చెప్పినారో, మూడింటికీ ఇదే గీత వస్తుంది."

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "సరే సార్. లెక్క తప్పయితే ఇప్పుడే చెప్పమనండి. ఇక్కడే సరిచేస్తాం, చుక్కలు పైకి పోతే గేటు ఆపేస్తాం" అన్నాడు. ధనుశ్రీ ట్యాబ్ తెరిచింది.

అంతకంటే న్యాయమైన మాట ఏముంటుంది? నేను రంగక్క వైపు తిరిగాను. పొద్దున ఆమె మంద బాట మీద పోతుంటే నా బైకు ఆపుకుని చాలాసేపు నిలబడినవాణ్ణి.

"రంగక్కా, చెప్పు. నీకు ఎన్ని ఉండాయి?"

హాలంతా ఆమెనే చూసింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏముండాయి సామీ. మూడో నాలుగో."

ధనుశ్రీ తలెత్తి, "నాకూ మూడే చెప్పినారు సార్" అంది.

"అబద్ధం!" అని అరిచాను. "పొద్దున నేను చూసినాను. బాటంతా ఆమె గొర్రెలే."

రంగక్క అంత ఎత్తున లేచింది. "నా మంద మీద నీ కన్నేంది మేష్ట్రూ? నీకు నేనేం అన్యాయం చేసినాను? దాసన్నకు అయినట్టు నాకూ కావల్లని ఉండాదా నీకు?"

"బాట పోతాది రంగక్కా!"

"పోతే పోనీ. నా గొర్లు బతికుంటే సాలు."

ఆమె వెనకున్నవాళ్లూ తలలూపారు. ఎవరినైనా సరే నిజం చెప్పమని బతిమాలాను. రెండన్నారు, ఒకటన్నారు, మాకు లేవన్నారు. ఆఫీసరు నా వైపు జాలిగా చూశాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మరచిపోను.

వారంలో గేటు పడింది. గుట్టకు పోవాలంటే పార్కు చుట్టూ తిరగాలి. ఆ ఎండలో చూలు గొర్రెలు అంత దూరం నడవలేక, నెలలు నిండకుండా దారిలోనే ఈసుకుపోయాయి. ఈనినవాటికి పాలు లేక పిల్లలు పోయాయి. మిగిలినవాటిని రంగక్క కొన్ని కొన్నిగా పావగడ సంతకు తోలింది. దిష్టి ఎవరిదని నేను అడగలేదు. ఆమె నాతో మాట్లాడటం మానేసింది.

ఏడాదికి ధనుశ్రీ మళ్లీ వచ్చింది, అదే సర్వేకు. స్కూలు వదిలి పోతూ రంగక్క ఇంటి ముందు ఆ పిల్లను చూసి బైకు ఆపాను.

"అవ్వా, గొర్రెలు ఎన్ని?" అంది ధనుశ్రీ, ఎందుకో భయపడుతున్నట్టు.

రంగక్క కొంగు అడ్డం పెట్టుకోలేదు. దొడ్డి వైపు వేలు చూపి, వీధి వీధంతా వినపడేలా ఒక్కొక్కదాన్నీ లెక్కపెట్టింది. ఆమె అలా లెక్కపెట్టగా నేను ఎన్నడూ వినలేదు.

"ఒగటి. రెండు. మూడు. రాసుకో తల్లీ." తర్వాత నన్ను చూసింది. "నువ్వూ చూసుకోప్పా మేష్ట్రూ. దిష్టి తగలల్లన్నా ఏమన్నా ఉండల్ల గదా."

ధనుశ్రీ అంకె నొక్కింది. ట్యాబ్‌లో రంగక్క చుక్క నిరుటి చోటనే, ఎర్రగీత మీదనే పడింది. ఈసారి అది నిజం.