అలిగిన మడచెట్టు

పోటు తీయగానే తాతమ్మ ఇనప కొక్కెం పట్టుకుని బురదలోకి దిగుతుంది. కన్నాల్లోంచి మండపీతల్ని లాగి, డెక్కలు తాడుతో బిగించి, బుట్టకెత్తి కోడూరు బస్సుకి అందిస్తుంది. ఇంటికొచ్చి అన్నం వార్చాక ఆ గంజి వాకిట్లో మడచెట్టు మొదట్లో పోస్తుంది. ఎవరి వాకిట్లోకి చెట్టు నడిచొస్తే వాళ్లు గంజి పోయడం ఆ ఊరి ఆనవాయితీ. మడచెట్లన్నీ వేళ్లు ఊడదీసుకుని అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి గానీ, తాతమ్మ చెట్టు మాత్రం ఉప్పెన నాటి నుంచీ కదల్లేదు. ఆరోజు నీళ్లలో కొట్టుకుపోతున్న ఆమెను జుట్టు పట్టి ఆపింది అదే. అందుకే దాన్ని మావయ్యా అని పిలుస్తుంది.

తొంభై ఏడులో, బరేలీ నుంచి తివారీ అనే ఆయన వచ్చాడు. చంకలో మ్యాపు, చేతిలో టేపు. తాతమ్మ పాకను అటునుంచీ ఇటునుంచీ చూసి ఏదో రాసుకున్నాడు, ఆమెను చూసి నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి బొత్తిగా నచ్చలేదు. ఊరికే నవ్వడానికి అంత దూరం నుంచి ఎవరొస్తారు?

"అభయారణ్యానికి హద్దు గీస్తున్నారు తాతమ్మా," అన్నాడు వెంట వచ్చిన ఫారెస్టు వాచర్ గోవర్ధనరావు. "మడచెట్టు ఎందాకా ఉంటే అందాకా అడవే. రేపొచ్చి నీ వాకిలి కొలుస్తారు."

సాయంత్రం రొయ్యల చెరువుల వెంకట్ బండి దిగి అరుగు మీద చతికిలబడ్డాడు.

"అత్తా, అడవిలో మనుషుల్ని ఉండనిస్తారా చెప్పు? ఆ చెట్టుని పంపించెయ్. నీ ఇల్లు నీకు దక్కుద్ది."

ఎన్నడూ లేంది వెంకట్ అత్తా అంటున్నాడేమిటని ఆమె ఆలోచించి ఉండాల్సింది. ఆలోచించలేదు. అనుమానమంతా ఆ హిందీ ఆయన మీదే ఖర్చయిపోయింది.

"వెళ్లు మావయ్యా, నీవల్ల నా కొంప మునిగేలా ఉంది," అంది. చెట్టు కదల్లేదు. బతిమాలింది, కసిరింది. చివరికి చీపురు తీసి మొదలు మీద ఒక్కటిచ్చింది. ఆకుల మీది ఉప్పు జలజలా రాలింది. చెట్టు ఒక్కో వేరూ పీక్కుని, కాలవ దాటి వెళ్లిపోయింది.

పొద్దున తివారీ వచ్చి ఖాళీ గుంట ముందు ఆగిపోయాడు. గోవర్ధనరావుతో హిందీలో ఏదో అన్నాడు. గోవర్ధనరావు తల పట్టుకున్నాడు.

"ఎంత పని చేశావు! పీతలు పట్టుకునేవాళ్ల జోలికి ఎవరూ రారని కదా ఈయన రాసింది. చెరువులు తవ్వేవాళ్లకే ఈ హద్దు. ఇప్పుడు నీ చోటు హద్దుకి బయట పడింది, ఇక్కడ చెరువు తవ్వినా ఆపేవాళ్లుండరు."

అప్పటికే గట్టు మీద వెంకట్ పొక్లెయిన్ గుడగుడలాడుతూ వస్తోంది. తాతమ్మ చీర ఎగదోపి కాలవలోకి ఉరికింది. అవతల వందల చెట్లు, అన్నీ ఒకేలా మౌనంగా నిలబడి ఉన్నాయి.

"మావయ్యా, తప్పయిపోయింది! నీ మీద లేచిన చెయ్యి విరగా! ఒక్కసారి రా!"

ఆకు కూడా కదల్లేదు. గొంతు పోయేదాకా పిలిచి, బురదతో, ఏడుపుతో వెనక్కి వచ్చింది. తివారీ పెన్సిల్ పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. గోవర్ధనరావు జీపు హారన్ కొట్టినా ఆయన కదల్లేదు. మ్యాపు మీద గీత గీయలేదు.

అప్పుడు ఆమె వెనక బురద చప్పుడైంది.

చెట్టు కాలవ దాటి వచ్చింది. తాతమ్మ వైపు చూడకుండా పక్కనుంచే నడిచి, పాత గుంటను కాదని, తిన్నగా వెళ్లి పాక గుమ్మానికి అడ్డంగా పాతుకుంది. తివారీ టేపు పట్టి కొలిచి, పాక కూడా అడవిలోకి వచ్చేలా దాని వెనకనుంచి గీత గీశాడు. పొక్లెయిన్ వచ్చిన దారినే పోయింది.

ఇప్పుడు కాలవకి ఇవతలంతా చెరువులే. మధ్యలో తాతమ్మ పాక ఒక్కటే ఉంది. గుమ్మం తడిక మాత్రం సగమే తెరుచుకుంటుంది. ఆమె రోజూ పక్కకి తిరిగి దూరి లోపలికి వెళ్తుంది. కాస్త జరగమని మాత్రం ఎన్నడూ అడగదు.