పదకొండో అడుగు, పన్నెండో అడుగు

ఫట్.

తోలు బంతి అరచేతుల్లో పడిన చప్పుడు. సరస్సు మీది నుంచి వచ్చే చలిగాలిలో అది ఇంకా గట్టిగా వినిపిస్తుంది.

ఫట్... మళ్లీ ఫట్.

వేన్ హాల్వర్సన్‌కి ఆ చప్పుడు అలవాటు లేదు. తొమ్మిదేళ్లుగా ఈ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో బంతి విసిరేది అతను, పరిగెత్తి పట్టేది మాబ్రీ. మాబ్రీ చేతుల్లో పడితే బంతి నోరు మెదిపేది కాదు. మంచు మీద మంచు పడ్డట్టే ఉండేది.

చప్పుడు లేదంటే బంతి చేరిందని లెక్క.

వసంతంలో, సరస్సు మీద మంచు విరుగుతున్న వారంలో, మాబ్రీ వెళ్లిపోయాడు. దక్షిణాన ఎండ కాసే ఊరి జట్టుకి. అతని పదిహేడో నంబరు చొక్కా ఇప్పుడు టుపోలాది.

మాబ్రీ పొడుగు. టుపోలా పొట్టి.

మాబ్రీ నోటికి మూత ఉండేది కాదు. ఎదురు జట్టువాడి అమ్మమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో ఆట మధ్యలో అడిగేవాడు. టుపోలా పెదవి విప్పడు. నిలబడ్డంతసేపూ నేల చూపులే. పరిగెత్తాడంటే మాత్రం వెంటపడినవాళ్లకి గడ్డి పెళ్లలే మిగులుతాయి.

ఇంకొకటి ఉంది. అసలుది.

పన్నెండు అడుగులు నేరుగా పరిగెత్తి కుడికి తిరగాలి — కోచ్ పుస్తకంలో ఉన్నది అదే. మాబ్రీ పదకొండుకే తిరిగేవాడు. ఎంత తిట్టినా పదకొండే. చివరికి వేన్ చెయ్యే పదకొండు నేర్చుకుంది. అతను తిరగకముందే, తిరగబోయే చోటికి బంతిని వదిలేసేది.

టుపోలా పన్నెండూ వేస్తాడు.

ఒక్క అడుగు. ఆ ఒక్క అడుగే వేన్‌కి నిద్ర లేకుండా చేసింది. మాబ్రీ మీద అతనికి కోపం. కోపం కన్నా ఎక్కువగా బెంగ.

ఈ ఆదివారం మధ్యాహ్నం గెలిస్తే జట్టు ముందుకు వెళ్తుంది. ఓడితే ఈ ఏటికి ఇంతే. వేన్‌కి ముప్పై ఆరేళ్లు. ఓడితే వచ్చే ఏడు విసరడానికి కొత్తవాణ్ణి తెచ్చుకుంటామని యజమాని మొహమాటపడుతూనే చెప్పాడు.

అంటే వేన్ చోటికీ ఒక టుపోలా వస్తాడు.

మైదానం చుట్టూ మెట్ల మీద జనం కిక్కిరిసి ఉన్నారు. గాలి నిండా సాసేజీలు కాల్చిన వాసన. పాత చొక్కాల మీద మాబ్రీ పేరుకి తెల్ల టేపు అంటించి, పైన టుపోలా అని మార్కరుతో రాసుకొచ్చారు కొందరు. కొందరు టేపు తెచ్చుకోలేదు.

మొదటి సగంలో వేన్ చెయ్యి పదకొండుకే లేచింది. బంతి ఖాళీ గడ్డి మీద పడింది. మళ్లీ లేచింది... ఈసారి ఎదుటివాడు ఎగరేసుకుపోయాడు.

"మాబ్రీ ఊళ్లో లేడు పెద్దాయనా, నీకెవరూ చెప్పలేదా?" ముందు వరుసలోంచి ఒకావిడ అరిచింది. చుట్టూ అందరూ నవ్వారు. వేన్ చెవులు కాలిపోయాయి.

విరామంలో అతను మూల కూర్చుని చేతికి నచ్చజెప్పుకున్నాడు. పన్నెండు. పన్నెండు. పన్నెండు.

రెండో సగంలో ఆట మారింది. గాలీ మారింది. దూరం బంతులు, దగ్గరి బంతులు — ఫట్, ఫట్ — టుపోలా అన్నీ లాగేసుకుంటున్నాడు. వేన్ గుండె ఇరవై ఏళ్ల కుర్రాడి గుండెలా కొట్టుకుంటోంది. వెనకబడ్డ పద్దెనిమిది పాయింట్ల తేడా ఐదుకి దిగింది. చివరి గీత ఇరవై గజాల దూరంలో ఉంది. ఆ గీత అవతల బంతిని పట్టుకుంటే ఆరు పాయింట్లు, గెలుపు.

ఆఖరి నిమిషం. అదే పరుగు. వేన్ పన్నెండు లెక్కపెట్టి వదిలాడు.

టుపోలా పదకొండుకే తిరిగాడు.

బంతి అతని వీపు వెనకగా వెళ్లి నేల మీద పడింది. గడియారం ఆగింది. ఆరు సెకన్లు మిగిలాయి.

అందరూ గుంపుగా తలలు దగ్గర పెట్టారు. నోళ్లలోంచి ఆవిర్లు.

"పదకొండుకి ఎందుకు తిరిగావురా?" అన్నాడు వేన్.

టుపోలా నేల చూశాడు. "మీ చెయ్యి పదకొండుకే లేస్తది కదన్నా. నెల రోజులుగా మాబ్రీ పాత ఆటలన్నీ చూసి నేర్చుకున్నా. ఇవాళే ధైర్యం చేశా."

"నేను పన్నెండు నేర్చుకున్నానురా... ఇవాళే."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"మీ కొత్త కాపురం ముచ్చట్లు ఇంటికెళ్లాక చెప్పుకోండి," అన్నాడు బంతి అందించే గస్, మూడు వందల పౌండ్ల మనిషి. "నాకు కాళ్లు గడ్డకడుతున్నాయి."

వేన్‌కి నవ్వొచ్చింది. ఈ కుర్రాడు నెల రోజులుగా తనకోసం మాబ్రీలా మారాలని చూశాడు. తాను ఒక్కసారైనా ఈ కుర్రాడి పరుగు సరిగ్గా చూశాడా?

"ఐజయా." టుపోలాని సొంత పేరుతో పిలవడం అదే మొదటిసారి. "నీ అడుగులు నువ్వు వెయ్యి. నేనొస్తా."

టుపోలా తలెత్తాడు.

గస్ కాళ్ల మధ్యనుంచి బంతి వచ్చింది. ఒకటి... రెండు... ఎదురుగా ఇద్దరు దూసుకొస్తున్నారు. ఎనిమిది... తొమ్మిది... పది... పదకొండు. చెయ్యి పాత చోటికి లాగింది. వేన్ దాన్ని ఆపాడు. ఒక్క అడుగు — తొమ్మిదేళ్లంత పొడుగ్గా ఉంది అది.

పన్నెండు.

వదిలాడు. ఇంకా ఎవరూ లేని మూలకి, ఎవరో వస్తారని నమ్మి వదిలాడు.

మరుక్షణం ఇద్దరూ మీద పడ్డారు. చెంప గడ్డకట్టిన గడ్డికి ఆనుకుంది. కళ్ల ముందు ఎవరిదో బూటు తప్ప ఏమీ కనిపించడం లేదు. మెట్ల మీద జనం ఊపిరి బిగబట్టారు. బంతి గాలిలోనే ఉంది...

నిశ్శబ్దం.

తొమ్మిదేళ్లు అతనికి ఆ నిశ్శబ్దమే కావాల్సింది. ఇప్పుడు అది వద్దు. ఆ ఒక్క చప్పుడు కోసం, సరస్సు గాలిలో, వేన్ చెవులు రిక్కించాడు.